బూడిద చూడ్డానికి అంత దూరమా?

మా వాట్సాప్ గ్రూప్ పేరు 'శాంటోరిని 2025'. డీపీ ఏంటో చెప్పక్కర్లేదు. తెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటాలు, కింద నీలం సముద్రం. గ్రూపులో ఐదుగురం. ఒకే బ్యాచ్, ఒకే రకం ఉద్యోగాలు, ఒకే రకం ఈఎంఐలు. మే నెలలో పది రోజులు లీవ్ పెట్టి గ్రీస్ వెళ్లాలని ప్లాన్. ఎక్సెల్ షీట్ కూడా రెడీ అయింది. అందులో 'సన్‌సెట్ ఫొటోలు' అనే పనికి ఒక పూర్తి రోజు కేటాయించాం. నవ్వకండి, మీ షీట్‌లోనూ ఉంటుంది.

జనవరి చివర్లో ఆ ద్వీపం కదలడం మొదలుపెట్టింది. ఒకటి రెండు కాదు, రోజుకి వందల సంఖ్యలో భూకంపాలు. స్కూళ్లు మూసేశారు. ఎమర్జెన్సీ ప్రకటించారు. 11,000 మందికి పైగా జనం పడవలెక్కి, విమానాలెక్కి ద్వీపం వదిలి వెళ్లిపోయారు. ఫిబ్రవరి 10న వచ్చిన అతి పెద్దది 5.3 తీవ్రత. పెద్ద నష్టమేమీ జరగలేదు, తర్వాత నెమ్మదిగా అన్నీ సర్దుకున్నాయి. కానీ మా గ్రూపులో మాత్రం సర్దుకోలేదు. 'వచ్చే ఏడాది చూద్దాం రా' అని ఒకడు పెట్టాడు. మిగతా ముగ్గురూ బొటనవేలు చూపించారు. అంతే, ట్రిప్ క్యాన్సిల్.

నిజం చెప్పాలంటే, నా బ్యాంక్ బ్యాలెన్స్ ఊపిరి పీల్చుకుంది. నేను మాత్రం కొంచెం డల్ అయ్యాను. అప్పటికే నెల రోజులుగా ఆ ద్వీపం గురించి రాత్రిళ్లు చదువుతూ ఉన్నా మరి.

ఊరంతా ఖాళీ చేసి వెళ్లినవాళ్లు

శాంటోరిని అంటే మనకి ఒక ద్వీపం. మ్యాప్‌లో చూస్తే ఒక ముక్కల రింగు. పెద్ద ముక్క థేరా. ఎదురుగా చిన్న ముక్క థెరాసియా. మధ్యలో సముద్రం నిండిన పెద్ద గొయ్యి. సుమారు 3,600 ఏళ్ల కిందట అక్కడ అగ్నిపర్వతం పేలి, మధ్య భాగం కూలిపోయి మిగిలిన ఆకారం అది. మనం సన్‌సెట్ చూడ్డానికి నిలబడేది ఆ గొయ్యి అంచు మీదే.

ఆ పేలుడు బూడిద కింద ఒక ఊరు దొరికింది. దాని పేరు అక్రోతిరి. రెండు మూడు అంతస్తుల ఇళ్లు, వీధి కింద మురుగు కాలవలు, గోడల మీద రంగుల బొమ్మలు, ధాన్యం దాచుకున్న పెద్ద పెద్ద జాడీలు. 1967లో స్పిరిడాన్ మరినాటోస్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. అన్నీ దొరికాయి కానీ ఆ ఇళ్లల్లో మనుషుల శవాలు దొరకలేదు. ఇటలీలోని పాంపే లాగా కాదన్నమాట. ముందు భూకంపాలు వచ్చాయి, జనం ఊరు ఖాళీ చేశారు, తర్వాత కొండ పేలింది. 2025 ఫిబ్రవరిలో పడవ ఎక్కినవాళ్లు చేసింది, 3,600 ఏళ్ల కిందటి వాళ్లు చేసిందీ ఒకటే పని.

ఇంకో విషయం నన్ను బాగా పట్టుకుంది. ఆ ద్వీపం బూడిదని 1860ల్లో క్వారీలు పెట్టి తవ్వారు. సూయజ్ కాలువ కడుతున్న రోజులవి. ఆ బూడిదని సున్నంలో కలిపితే నీళ్లల్లో కూడా గట్టిపడే సిమెంట్ వస్తుంది. ఓడలకి ఎత్తి పంపించారు. అలా తవ్వుతుంటేనే థెరాసియాలో బూడిద అడుగున పాత గోడలు బయటపడ్డాయి. 1867లో ఫూకే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వచ్చి ఆ పాత ఊళ్ల ఆనవాళ్లు పరిశీలించాడు. అప్పటికీ, మరినాటోస్ తవ్వకాలకీ మధ్య సరిగ్గా వందేళ్లు.

అంటే ఆ చరిత్రని ముందు బయటపెట్టింది పుస్తకాలు చదివినవాళ్లు కాదు. కూలికి బూడిద తవ్వినవాళ్లు.

ట్రిప్ క్యాన్సిల్ అయిన రాత్రి, అలవాటు ప్రకారం ఫోన్‌లో ఇంకా ఆ బూడిద గురించే వెతుకుతున్నా. ఒక లింకు నుంచి ఇంకో లింకు. ఎక్కడో ఒక పరిశోధనలో ఊరి పేరు చూసి లేచి కూర్చున్నా. జ్వాలాపురం. బనగానపల్లె దగ్గర. మన బనగానపల్లె. మామిడిపండు బనగానపల్లె.

అక్కడ అగ్నిపర్వతం బూడిద ఉంది. ఒకచోట రెండున్నర మీటర్ల మందం. శాంటోరిని బూడిద కంటే ఇరవై రెట్లు పాతది.

మే లీవ్ ఎలాగూ శాంక్షన్ అయి ఉంది. రెండు రోజులు వాడుకున్నా చాలు అనుకున్నా.

'ఆడేముందన్నా సూసేకి?'

మాది రోలుగుంట. నేను పుట్టినప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా. జ్వాలాపురం కూడా అదే రోజు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. మా రెండు ఊళ్లకీ నాకు తెలిసిన చుట్టరికం అదొక్కటే.

హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి తెల్లవారకముందే కర్నూల్లో దిగా. అక్కణ్నుంచి ఇంకో బస్సులో బనగానపల్లె. బస్టాండ్ బయట తోపుడుబండ్ల మీద మామిడిపళ్లు. ఆ ఊరి పేరే పెట్టుకున్న పండుని ఆ ఊళ్లోనే తినడం అనేది చిన్న సంతోషం కాదు. ఊరి మీదుగా చూస్తే రవ్వలకొండ. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని చెప్పే చోటు. జరగబోయేది చెప్పిన కొండ ఇటు, జరిగిపోయింది దాచుకున్న బూడిద అటు. మధ్యలో నేను, చేతికి కారుతున్న మామిడిరసంతో.

యాగంటి వెళ్లే ఆటోలు బోలెడు. జ్వాలాపురం అనేసరికి ఆటో అన్న తల గోక్కున్నాడు.

"యాగంటికి పోవల్లంటే చెప్పు, పెద్ద బసవన్న ఉండాడు. జ్వాలాపురంలో ఏముందన్నా?"

"అక్కడ తెల్లటి బూడిద గుంతలు ఉంటాయంట కదా."

"ఆ గుంతల కాడికా? ఆడేముందన్నా సూసేకి?"

ఏముందో నాకు మాత్రం సరిగ్గా తెలుసా? చూద్దాం పద అన్నా.

దారి పొడవునా నాపరాయి. పొలం గట్టు నాపరాయి, ఇంటి గోడ నాపరాయి, కొన్ని ఇళ్లకి కప్పు కూడా నాపరాయే. రెండు వైపులా పొడవుగా, పైన చదునుగా కొండలు. మధ్యలో లోయ. ఆ లోయలో జుర్రేరు అనే చిన్న వాగు. మే నెల కదా, నీళ్ల జాడ పెద్దగా లేదు. ఉదయం తొమ్మిదికే ఎండ నెత్తి మీద కూర్చుంది.

ఆటో దిగి పొలాల గట్ల మీద నడిచాం. గుంత దగ్గరికి వెళ్లేదాకా గుంత ఉన్నట్టే తెలీదు. పైన మామూలు మట్టి, కంపచెట్లు. కాస్త ముందుకెళ్లి కిందకి చూస్తే గోడలా కోసిన మట్టి, అందులో తెల్లటి పట్టీ. పాలపొడి డబ్బా ఒలికి, దాని మీద ఎవరో మట్టి పోసి కప్పేసినట్టు. పైన గోధుమరంగు మట్టి, కింద ఎర్రగోధుమ మట్టి, మధ్యలో ఆ తెలుపు.

గోడని ముట్టుకోలేదు. కింద రాలిపడి ఉన్న పొడిని కొంచెం వేళ్ల మధ్య రుద్ది చూశా. ముందు టాల్కం పౌడర్‌లా మెత్తగా ఉంది. తర్వాత సన్నగా గీరుకుంది.

ఆ గీరుకోవడంలోనే అసలు కథంతా ఉంది.

ఇది పొయ్యి బూడిద కాదు

పొయ్యిలో బూడిద కట్టె కాలితే వస్తుంది. అగ్నిపర్వతం బూడిద అలా కాదు. భూమి లోపల కరిగిన రాయి, దాంట్లో ఇరుక్కున్న గ్యాసు. సోడా సీసాని బాగా ఊపి మూత తీస్తే ఎలా పొంగుతుందో, అలా ఆ రాయి ఆకాశంలోకి చిమ్ముతుంది. చిమ్మిన క్షణంలోనే చల్లబడి, పగిలి, కంటికి కనపడనంత చిన్న గాజు ముక్కలవుతుంది. నా వేళ్లని గీరింది గాజు.

ఆ గాజు మన దగ్గరిది కాదు. ఇండోనేషియాలోని సుమత్రా ద్వీపంలో తోబా అనే సరస్సు ఉంది. 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు. అది సరస్సు ఏంటి, అగ్నిపర్వతం నోరే. సుమారు 74,000 ఏళ్ల కిందట పేలింది. గత 20 లక్షల ఏళ్లలో భూమ్మీద జరిగిన అతి పెద్ద పేలుళ్లలో ఒకటి. బయటికొచ్చిన రాతిద్రవం 2,800 ఘన కిలోమీటర్లు ఉంటుందని ఒక అంచనా. ఈ అంకె నా బుర్రకి ఎక్కలేదు. కాలిక్యులేటర్ తీశా. అంత రాయిని ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద సమానంగా పరిస్తే సుమారు 17 మీటర్ల ఎత్తు వస్తుంది. అంటే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ మునిగిపోతుంది, ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా.

తోబా నుంచి జ్వాలాపురానికి రెండున్నర వేల కిలోమీటర్లకు పైనే. అంత దూరం గాల్లో కొట్టుకొచ్చి ఇక్కడ నేరుగా పడిన బూడిద కొన్ని సెంటీమీటర్లే. మరి రెండున్నర మీటర్లు ఎలా అయింది? చుట్టూ కొండలు కదా. కొండల మీద పడిన బూడిదని వానలు కడిగి లోయలోకి తెచ్చాయి. అప్పుడు ఇక్కడ నీళ్లు నిలిచే పల్లం ఉండేది. అందులో పొరలు పొరలుగా పేరుకుంది.

మరి అది తోబాదే అని ఎలా తెలిసింది? ఒక్కో అగ్నిపర్వతం గాజులో సిలికా, పొటాషియం, ఇనుము లాంటివి ఒక్కో పాళ్లలో ఉంటాయి. అది వేలిముద్ర లాంటిది. జ్వాలాపురం గాజు వేలిముద్ర తోబా వేలిముద్రతో సరిపోయింది.

నా ఉద్యోగంలో సర్వర్ క్రాష్ అయితే ముందు లాగ్ ఫైల్ తెరుస్తాం. ఏ టైముకి ఏం జరిగిందో ఒక్క లైను పక్కాగా దొరికితే చాలు. దాని పైన ఉన్నవి ముందు జరిగినవి, కింద ఉన్నవి తర్వాత జరిగినవి అని తేలిపోతుంది. మట్టి కూడా లాగ్ ఫైలే, కాకపోతే తలకిందులు. అడుగున పాతది, పైన కొత్తది. ఆ తెల్ల పట్టీ 74,000 ఏళ్ల టైమ్‌స్టాంప్. భూమ్మీద ఇంత స్పష్టమైన టైమ్‌స్టాంప్ పక్కనే మనుషుల పనిముట్లు దొరికే చోట్లు చాలా తక్కువ.

జ్వాలాపురంలో దొరికాయి. ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ రవి కోరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా, వాళ్ల బృందం ఇక్కడ తవ్వి 2007లో 'సైన్స్' పత్రికలో రాశారు. బూడిద పొర కింద రాతి పనిముట్లు ఉన్నాయి. బూడిద పొర పైన కూడా రాతి పనిముట్లు ఉన్నాయి. రెండూ చాలావరకు ఒకే తరహా పనితనం.

ఇది ఎందుకంత పెద్ద విషయం? తోబా పేలాక ఆకాశం మూసుకుపోయి, ఏళ్ల తరబడి చలి కమ్మి, ప్రపంచంలో మనుషులు కొన్ని వేల మందే మిగిలారని 1990ల్లో ఒక సిద్ధాంతం వచ్చింది. జ్వాలాపురం దానికి ఎదురు ప్రశ్న వేసింది. మనుషులు అంత తుడిచిపెట్టుకుపోతే, బూడిద పడ్డాక ఇక్కడ రాళ్లు చెక్కింది ఎవరు?

అందరూ ఒప్పుకున్నారనుకోకండి. మధ్య భారతంలో పాత మట్టిని, బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన పుప్పొడిని పరిశీలించినవాళ్లు, తోబా తర్వాత ఇక్కడ అడవులు తగ్గి గడ్డి పెరిగిందని, బతుకు చాలా కష్టమై ఉంటుందని 2009లో చెప్పారు. జ్వాలాపురం పనిముట్లు చేసింది మనలాంటి మనుషులేనా, అంతకు ముందు తరహా మనుషులా అన్న గొడవ కూడా తేలలేదు. ఆ పొరల్లో మనుషుల ఎముకలు దొరకలేదు మరి. 2020లో మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలోని ధాబా అనే చోట కూడా తోబాకి ముందు, తర్వాత పనిముట్లు ఆగకుండా కొనసాగాయని ఇంకో పరిశోధన వచ్చింది. వాదన ఇంకా నడుస్తోంది.

వాదన నడవాలంటే సాక్ష్యం ఉండాలి కదా. ఇప్పుడు ఆ సంగతికొద్దాం.

లారీ వస్తాండె

గుంత పక్కన చింతచెట్టు నీడలో ఒక పెద్దాయన మేకలు కాస్తున్నాడు. నా నెత్తి మీద టవల్, చేతిలో ఫోన్ చూసి ఆయనే పలకరించాడు.

"ఏం నాయనా, ఏమన్నా ఫ్యాక్టరీ పెడతారా?"

కాదు తాతా, ఊరికే చూడ్డానికొచ్చా అన్నా. నమ్మినట్టు లేదు. కాసేపు కూర్చున్నాక మాటలు కలిశాయి. ఈ గుంతలు ఎలా వచ్చాయని అడిగా.

"మేమే తవ్వినాం. లారీ వస్తాండె. కూలి ఇస్తాండ్రి. ఈ పొడి యాడికి పోతాండెనో మాకేం తెలుసు?"

ఎక్కడికి పోయేదో నేను చదివి వచ్చా. అంట్లు తోమే పొడుల్లో, డిటర్జెంట్లలో కలపడానికి. మెత్తగా ఉండి గీరే గుణం ఉంది కదా, మాడిన గిన్నెకి అంతకంటే ఏం కావాలి? పరిశోధకులు వచ్చేనాటికే ఇక్కడ బూడిద తవ్వకాలు సాగుతున్నాయి. నిజానికి ఆ తవ్వకాలు పొరల్ని అలా నిలువునా కోసి చూపించకపోతే, లోపల ఏముందో పైనుంచి నడిచేవాళ్లకి తెలిసేదే కాదు. థెరాసియాలో జరిగిందే ఇక్కడా జరిగింది. చరిత్రని బయటపెట్టిన పార, చరిత్రని ఎత్తుకుపోయిన పార ఒకటే.

తాతకి నాకు తెలిసింది చెప్పా. సముద్రం అవతల ద్వీపంలో కొండ పేలడం, బూడిద గాల్లో రావడం, కింద పైన పనిముట్లు. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు.

"ఎన్నేండ్లు అన్నావు?"

"74,000."

"ఎవురు లెక్కపెట్టినారు?"

మంచి ప్రశ్న. మట్టిలో ఇసుక రేణువులు చివరిసారి ఎండని ఎప్పుడు చూశాయో కొలిచే పద్ధతి ఉందని, నాకొచ్చిన భాషలో చెప్పబోయా. ఆయన చెయ్యెత్తి ఆపాడు. వాగు వైపు చూస్తూ అన్నాడు.

"మాకు ముందే ఎవురన్నా చెప్పింటే..."

వాక్యం పూర్తి చెయ్యలేదు. చెప్పి ఉంటే తవ్వేవాళ్లు కాదా? ఏమో. కరువు సీమలో వర్షం పడని ఏడాది కూలి ఇచ్చే లారీ వస్తే వెనక్కి పంపమని నెల జీతం తీసుకునే నేను చెప్పగలనా? పొలం ఆయనది. ఆకలి ఆయనది. 74,000 ఏళ్ల విలువ ఆ రోజు ఆయనకి దొరికిన కూలి కంటే తక్కువ ఎలా అయిందంటే, ఆ విలువ ఎంతో ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు ఇంగ్లిష్ పత్రికల్లో ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను కూడా దాన్ని చదివింది ఇంగ్లిష్‌లోనే, అదీ గ్రీస్ ట్రిప్ క్యాన్సిల్ అయ్యాక.

అక్రోతిరి మీద ఇప్పుడు పెద్ద కప్పు ఉంది. లోపలికి వెళ్లాలంటే టికెట్ కొనాలి, కట్టిన దారుల మీదే నడవాలి. ఇక్కడ నేను వెళ్లిన దారిలో నాకు ఒక్క బోర్డు కూడా కనపడలేదు. గుంతకి కాపలా అంటే ఆ తాత, ఆయన మేకలు.

నేను విసిరిన రాయి

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, నిజానికి తాత మీద కాదు, నా మీద నాకే కోపం వచ్చింది. కారణం చెప్తా.

మా రోలుగుంట నుంచి అనకాపల్లి వైపు వెళ్తే శంకరం అనే ఊరు పక్కన బొజ్జన్నకొండ ఉంది. కొండరాయిని తొలిచిన గుహలు, లోపల బుద్ధుడి విగ్రహాలు, రాతిలోనే చెక్కిన స్తూపాలు. పదిహేను వందల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం. గత శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వకాలు చేయించాడు. ఇదంతా నాకు ఇంజినీరింగ్ అయ్యాక తెలిసింది.

చిన్నప్పుడు తెలిసింది వేరు. కనుమ రోజు అక్కడ తీర్థం. ఆ రోజు కొండ మీద బొజ్జలా ఉన్న ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడు అనుకుని రాళ్లు విసిరేవాళ్లు. నాకు ఆరో ఏడో ఏళ్లు. చేతిలో చెరుకు ముక్క పక్కన పెట్టి, నేనూ ఒక రాయి తీసి విసిరా. తగిలింది కూడా. మా చిన్నాన్న భుజం తట్టాడు.

తర్వాత కొందరు పట్టించుకుని అది రాక్షసుడు కాదని, స్తూపమని జనానికి చెప్పారు. కనుమ రోజు కాపలా పెట్టారు. ఆ అలవాటుకి అడ్డుకట్ట పడింది. రాళ్లు విసిరినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఏడేళ్ల నేను కూడా చెడ్డవాణ్ని కాదు. నాకు తెలీదు, అంతే. కానీ ఎవరో ఒకరు నోరు తెరిచి తెలుగులో చెప్పారు కాబట్టి ఇప్పటి ఏడేళ్ల పిల్లాడు ఆ రాయి తియ్యడం లేదు.

జ్వాలాపురానికీ కావాల్సింది ముందు ఆ ఒక్క మాటే. చెప్పడం ఒక్కటే సరిపోతుందా అంటే సరిపోదు. తవ్వొద్దన్న చోట వేరే పని చూపించాలి. కనీసం పొర బాగా కనపడే ఒకటి రెండు గోడలైనా కంచె వేసి మిగిల్చాలి. పక్కనే యాగంటికి జనం వేలల్లో వస్తారు. బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహలున్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880ల్లోనే అక్కడ తవ్వించాడు. ఇంకాస్త పోతే బెలుం గుహలు. ఇవన్నీ ఒకే దారిలో కలిపి చూపిస్తే, ఆ తాత మనవడికి గుంత తవ్వడం కంటే గుంత చూపించడంలో ఎక్కువ కూలి దొరకొచ్చు. శాంటోరిని జనం చేస్తున్న పని అదే కదా. పేలిన కొండ అంచున నిలబెట్టి, మనలాంటివాళ్ల దగ్గర డబ్బులు తీసుకుంటున్నారు.

ఇలాంటి చోట్ల జాబితా మన దగ్గర చిన్నదేం కాదు. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలు మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. వాటిని 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. జాబితాలో పేరు ఎక్కితే మట్టి తవ్వకం దానంతటదే ఆగదు. కానీ ఎవరైనా తవ్వితే 'ఇదేంటి' అని అడిగేవాళ్లు నలుగురు పెరుగుతారు. ఆ నలుగురిలో మనం ఉంటే చాలు.

వెళ్తామంటే

అడుగుతారని తెలుసు, అందుకే చెప్తున్నా. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి, నాలాగా మేలో కాదు. బనగానపల్లె దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. యాగంటి కూడా కలుపుకోండి. గుంతలున్నవి పొలాలు. ఎవరివో కనుక్కుని, అడిగి లోపలికి వెళ్లండి. గోడల మీద పేర్లు గీకొద్దు, గోడకి ఆనుకుని కూర్చోవద్దు, అవి కూలతాయి. రాతి పనిముట్టులా ఏదైనా కనిపిస్తే ఫొటో తీసి అక్కడే వదిలెయ్యండి. అది ఏ పొరలో ఉందన్నదే దాని విలువ. మీ షోకేస్‌లోకి వచ్చిన క్షణం అది ఉత్త రాయి. బూడిద సీసాలో పట్టుకురావద్దు, ఊదుతూ వీడియో అసలే వద్దు. గాజు అని చెప్పా కదా, ఊపిరితిత్తులకి అది పౌడర్ కాదు.

తర్వాతి వారం రోలుగుంట వెళ్లా. నాయనమ్మ పెరట్లో అంట్లు తోముతోంది. ఫోన్‌లో జ్వాలాపురం ఫొటోలు చూపించా. కళ్లజోడు పెట్టుకుని ఒక్కోటి జరిపింది.

"ఏట్రా, బూడిద సూడ్డానికి అంత దూరం ఎల్లావేటి? మన పొయ్యిలో నేదా?"

ఇది వేరే బూడిద నాయనమ్మా అని మొదలుపెట్టి, ద్వీపం, పేలుడు, గాలి, మనుషులు మిగలడం, అన్నీ చెప్పా. తాత ప్రశ్నే ఆవిడా అడిగింది, ఎవరు లెక్కెట్టారని. ఈసారి ఇసుక రేణువుల సంగతి చివరిదాకా చెప్పా. పూర్తిగా అర్థమైందో లేదో తెలీదు గానీ, చివర్లో ఒకటి అడిగింది.

"అయితే ఆ బూడిద పడ్డాక కూడా జనం ఆ వాగు కాడే ఉన్నారన్నమాట."

ఉన్నారు నాయనమ్మా.

"ఎక్కడికెళ్తార్లే, ఊరొగ్గేసి."

అని మళ్లీ గిన్నె తీసుకుంది. పక్కన గట్టు మీద కొట్లో కొన్న తోమే పొడి పాకెట్. తెల్లగా, మెత్తగా ఉంది. చిటికెడు తీసి వేళ్ల మధ్య రుద్ది చూశా. గీరుకుంది. అది ఏ గుంతదో, ఎక్కడి రాయిదో పాకెట్ మీద లేదు. మామూలు రాతిపొడే అయ్యుంటుంది. అయినా ఆ పూట నాకు అన్నం తిన్న పళ్లెం నేనే పీచుతో, సబ్బుతో తోముకోవాలనిపించింది.

మా వాట్సాప్ గ్రూప్ పేరు ఇంకా 'శాంటోరిని 2025' అనే ఉంది. నిన్న మావాళ్లకి తెల్ల పట్టీ ఫొటో పెట్టి, డిసెంబరులో జ్వాలాపురం ఎవరొస్తారని అడిగా. ముగ్గురు బొటనవేలు చూపించారు. నాలుగోవాడు మాత్రం 'ఆడేముంది రా సూసేకి' అన్నాడు, ఆటో అన్న యాస నాకు నేర్పినవాడిలా. వాడిది కర్నూలే.

వాణ్నే ముందు తీసుకెళ్లాలి.